నాన్న కళ్ళకి కాపలా

మా నాన్నకి వాదన దొరికితే అన్నం అక్కర్లేదు. ఈ హిందీ ఊళ్ళో ఉక్కు కంపెనీలో క్రేన్ నడిపి రిటైరైన తరువాత సీతారాండేరాలో మా ఇంటి గుమ్మం ముందు ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, దారిన పోయేవాళ్ళని పిలిచి మరీ వాదించేవాడు. చారులో బెల్లం వెయ్యాలా వద్దా అన్నదైనా సరే, బాగ్‌బేరా రైల్వే క్వార్టర్లు నయమా గోల్‌మురి కంపెనీ క్వార్టర్లు నయమా అన్నదైనా సరే, ఆయన రెండు పక్షాలా నిలబడగలడు. ఎదుటివాడు తొందరగా ఒప్పేసుకుంటే ఆయనకి చిరాకు. వెంటనే తనే పక్షం మార్చేసేవాడు. "ఆ నోటికి రేత్రీ పగలూ డ్యూటీయే, ఆఫ్ లేదు" అని అమ్మ లోపల్నుంచి విసుక్కునేది.

అలాంటి మనిషికి నేను ఇజ్రాయెల్ నుంచి ఫోన్లో వాదనలు మోసుకొచ్చేదాన్ని. నా పెళ్ళి నిలబడలేదు. ఆ కథ ఇక్కడ అక్కర్లేదు. ఊళ్ళో ఒక నర్సింగ్ హోములో ఆయాగా పని నేర్చుకుని, ఒక ఏజెంటును పట్టుకుని అక్కడికి వెళ్ళాను. ఒక ముసలావిడని చూసుకోవడం నా పని. ఆవిడ నిష్ఠగల యూదురాలు. పాలకి వేరే గిన్నెలు, మాంసానికి వేరే గిన్నెలు. శనివారం దీపం స్విచ్చి కూడా ముట్టదు. ఈ సంగతులు చెబితే నాన్న పొట్ట పట్టుకుని నవ్వేవాడు. "ఓలమ్మో, మీ నాయినమ్మ మడి ఈళ్ళ ముందు ఏ మూలకీ రాదే" అనేవాడు. మా ఇంట్లో ఫోను ఎప్పుడూ స్పీకర్లోనే ఉంటుంది కాబట్టి అమ్మా అన్నయ్యా కూడా వినేవారు.

ఒక శుక్రవారం భోజనాల దగ్గర ఆ పెద్దావిడ కొడుకులిద్దరికీ ఒక మాట చెప్పింది. తను పోయాక తన కళ్ళ పైపొరలు ఎవరికైనా ఇచ్చెయ్యాలని. చిన్నకొడుకు సరేనన్నాడు. పెద్దకొడుకు చెంచా కింద పెట్టేశాడు. గడ్డం, నెత్తిన టోపీ, నోరు తెరిస్తే ధర్మశాస్త్రం. "అమ్మా, నాకిది ఇష్టం లేదు" అని ఆవిడ మొహం మీదే అన్నాడు. అప్పటికి నాకు వాళ్ళ భాష పనికి సరిపడా వచ్చు. నేను చేతిలో గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. మా ఇంట్లో నాన్న తప్ప ఎవరూ ఎవరితోనూ అలా అనరు.

అతను చెప్పినదంతా ఆ వారమే నాన్నకి చేరవేశాను. ప్రాణం పోయిన ఒళ్ళు వాళ్ళకి దేవుడి సొమ్ము. ఊరికే కొయ్యకూడదు. దానివల్ల బతికున్నవాడు లాభం పొందకూడదు. మట్టికి చేర్చడం ఆలస్యం చెయ్యకూడదు. చేర్చేదాకా ఒక మనిషి పక్కనే కూర్చుని ప్రార్థనలు చదువుతూ కాపలా ఉంటాడు. శవాన్ని ఒంటరిగా వదలరు.

అవతల అన్నయ్య గొంతు వినిపించింది. "బాగున్నాది ఆళ్ళ పద్ధతి. మనోళ్ళకి ఈమాత్రం తెలిస్తే ఎంత బాగుణ్ణో."

"ఆగరా. రెండో పక్షం ఇంకా రాలేదు" అన్నాడు నాన్న.

రెండో పక్షం వారం తరువాత వచ్చింది. ఆ ఇంటి గురువుగారిని, రబ్బీ అంటారు, పిలిచి అడిగారు. ఆయన చెప్పిందాన్ని నాకు అర్థమైన మేరకు నాన్నకి చెప్పాను. ప్రాణం నిలబెట్టే పని ఎదురుగా ఉంటే ఆ నియమాలు దాదాపు అన్నీ పక్కకి జరుగుతాయి. శనివారం స్విచ్చి ముట్టనివాడు కూడా పక్కింటివాడి ప్రాణం మీదికొస్తే బండి తోలుకుని ఆసుపత్రికి పోతాడు, పోవాలి. ఇక్కడ అసలు చిక్కేమిటంటే, కన్ను ప్రాణం కాదు కదా! చూపు లేకపోయినా మనిషి బతుకుతాడు. మరి కన్ను కోసం నియమం తప్పొచ్చా?

ఫోనులో నాన్న ఊపిరి వినిపిస్తోంది. "అద్గదీ. ఇప్పుడు పడ్డాది దెబ్బ. చెప్పు చెప్పు" అన్నాడు.

వాళ్ళ పెద్దలు దీని మీద చాలాకాలం తగువులాడుకున్నారట. కళ్ళు లేనివాడు మెట్ల మీద పడొచ్చు, బండి కింద పడొచ్చు, కాబట్టి అదీ ప్రాణాపాయమే అని ఒకరు. పెట్టిన పొర ఇంకొకడి ఒంట్లో మళ్ళీ బతుకుతుంది కాబట్టి అది శవం ముక్క కాదని మరొకరు. ఒప్పుకోనివాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఈ రబ్బీ మాత్రం, ఆవిడ తనంతట తాను అడిగింది, తీసుకునేవాళ్ళు ఎదురుచూస్తున్నారు, మొహం చెడదు, పూడ్చడం ఆగదు, ఇవ్వచ్చు అన్నాడు. పెద్దకొడుకు తల దించుకుని విన్నాడు. "నా మనసు ఒప్పలేదు. అయినా అడ్డం రాను" అన్నాడు. తరువాత ఏడాది ఆవిడ పోయినప్పుడు డాక్టర్లకి తలుపు తీసింది ఆ పెద్దకొడుకే. వాళ్ళు పని ముగించేదాకా గది బయట గోడకి ఆనుకుని నిలబడి ప్రార్థన చదివాడు. సాయంత్రానికి ఆవిడ మట్టిలో ఉంది.

ఈ వాదన నాన్నకి పట్టుకుంది. దానికి కారణం నాన్న స్నేహితుడు, మా పక్కవీధిలో ఉండే మావయ్య. దీపావళికి ఇంటికి వెల్ల వేస్తూ కంట్లో సున్నం పడి ఆయన చూపు పోయింది. రెండో కన్ను అప్పటికే సరిగా లేదు. గోడలు తడుముకుంటూ తిరిగే ఆయన్ని నాన్న చెయ్యి పట్టుకుని టీ కొట్టుకి తీసుకెళ్ళేవాడు. చాలా రోజుల తరువాత ఎవరో చనిపోయినవాళ్ళ కంటిపొర పెట్టారు. చూపు వచ్చిన తరువాత ఆయన మొదట మా ఇంటికే వచ్చి, నాన్నని ఎగాదిగా చూసి, "ఏటి బావా, ఇంత ముసిలోడివి అయిపోయావు" అన్నాడట. నాన్న ఆ మాట ఎంతమందికి చెప్పాడో లెక్క లేదు.

కళ్ళు ఇచ్చేస్తే వచ్చే జన్మలో గుడ్డివాడై పుడతాడని మా వాళ్ళలో ఒక మాట ఉంది. శ్రీకాకుళం నుంచి మూటలో కట్టుకుని తెచ్చుకున్న మాటల్లో అదొకటి. నాన్న దాన్ని రెండు ముక్కల్లో తేల్చేశాడు. "కళ్ళు ఇచ్చినా ఇవ్వకపోయినా ఘాట్ దగ్గర కాల్చీడమే కదా. కాలిపోయిన కళ్ళు ఎట్టుకుని పుడతాడా ఎవడైనా?"

నేను ఇజ్రాయెల్ నుంచి తిరిగొచ్చేసిన తరువాత ఒకరోజు అందరినీ కూర్చోబెట్టి చెప్పాడు. తన కళ్ళు ఇచ్చెయ్యాలి. ఐ బ్యాంకు నంబరు అన్నయ్య ఫోన్లోనూ నా ఫోన్లోనూ ఎక్కించాడు. మొహం ఏమన్నా మారుతుందా అని అన్నయ్య ఎదుటే వాళ్ళని ఫోన్లో అడిగి, మారదని చెప్పించాడు. "ఎవరికన్నా అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పండి, వాదించుకుందాం" అన్నాడు, ఆశగా.

అమ్మ బియ్యం ఏరుకుంటూ ఉండిపోయింది. అన్నయ్య, "మీ ఇట్టం నాన్నా. మీరెలాగంటే అలాగే" అన్నాడు.

నాన్న నా వైపు తిరిగి, "అమ్మీ, నువ్వు అక్కడ చూసొచ్చినదానివి. దగ్గరుండి చేయించు" అన్నాడు. చేయిస్తానని చేతిలో చెయ్యి వేశాను.

ఎండాకాలంలో ఒక తెల్లవారుజామున నాన్న పోయాడు. ఊపిరితిత్తులు చాలాకాలంగా బాగాలేవు. అయినా మనం దేనికీ సిద్ధంగా ఉండం. నేను గుండెలు బాదుకుంటూ మంచం కోడు పట్టుకుని కూలబడిపోయాను. కాసేపటికి మాట గుర్తొచ్చింది. కళ్ళు పూర్తిగా ఆరిపోకముందే, మధ్యాహ్నం లోపల వాళ్ళు రావాలి. ఫోను తీశాను.

అన్నయ్య నా చేతిమీద చెయ్యి వేశాడు. "నాను చేత్తాను. పెద్దకొడుకు మాటాడితే మర్యాదగా ఉంటాది. నువ్వు అమ్మ దగ్గర కూకో." ఫోను చెవి దగ్గర పెట్టుకుని వీధిలోకి వెళ్ళి, వచ్చి, "చెప్పీసినాను. వత్తన్నారు" అన్నాడు.

నేను నమ్మాను. ఎందుకు నమ్మనూ? చిన్నప్పుడు నన్ను సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని గోల్‌మురి బడికి తొక్కినవాడు. నా కాపురం చెడినప్పుడు బరంపురం వెళ్ళి నా సామానుతో సహా నన్ను తీసుకొచ్చినవాడు. అన్నయ్య అబద్ధం ఆడాడని ఎవరైనా అంటే నేను వాళ్ళ మీదికి వెళ్ళేదాన్ని.

అక్కడ చూసిన పనే ఇక్కడా చేశాను. నాన్న రెప్పలు మూసి, వాటి మీద తడి పత్తి పెట్టాను. తల కింద తలగడ పెట్టి ఎత్తు చేశాను. గాలికి కళ్ళు ఎండుతాయని ఫ్యాన్ ఆపేశాను. చుట్టూ చేరిన ఆడవాళ్ళు గొణిగారు. "శవానికి తలగడేటే? ఈ ఎండలో పంకా ఆపడమేటే?" అని ఒకావిడ తలగడ లాగబోతే చెయ్యి నెట్టేశాను. చెమట కారిపోతున్నా నేను కదల్లేదు. పత్తి ఆరినప్పుడల్లా తడిపాను. అమ్మ పక్కనే కూర్చుని ఉంది. గిన్నెలో నీళ్ళు అయిపోతే లేచి వెళ్ళి మళ్ళీ పోసుకొచ్చింది. "ఆ ఎడం కన్ను ఆరిపోతన్నాది చూడు" అని చూపించింది కూడా.

ఎంతకీ ఎవరూ రాలేదు. అన్నయ్యని అడిగాను. డాక్టరు వేరేచోట ఉన్నాడట, బయల్దేరాడట అన్నాడు. ఇంకాసేపటికి అడిగితే మానగో వంతెన మీద జాం అన్నాడు. ఎంత చక్కగా అల్లాడో! మానగో వంతెన మీద జాం అంటే ఈ ఊళ్ళో ఎవడు కాదనగలడు?

మావయ్య వచ్చి నాన్న కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. కాసేపు ఏడ్చి, అన్నయ్యని పిలిచి అడిగాడు. "ఆళ్ళు వత్తన్నారా?"

"దారిలో ఉన్నారు మావా" అన్నాడు అన్నయ్య. ఆ మనిషి కంట్లోకి సూటిగా చూస్తూ అన్నాడు.

మధ్యాహ్నం దాటబోతుంటే నేనే ఫోను చేశాను. అవతల ఒక అమ్మాయి హిందీలో మాట్లాడింది. పేరూ వీధీ చెబితే వెతికింది. "ఆప్‌కే ఘర్ సే తో కోయీ ఫోన్ నహీఁ ఆయా, దీదీ" అంది. మా ఇంటి నుంచి ఫోనే రాలేదట. నేను మళ్ళీ అడిగాను. మళ్ళీ అదే చెప్పింది. నాన్న ఎప్పుడు పోయాడో అడిగి, ఇప్పుడు వచ్చినా లాభం లేదు, మీరు చాలా మంచి మనసు చేసుకున్నారు, థాంక్యూ అంది. ఆ థాంక్యూ నా చెవిలో సీసం పోసినట్టు పడింది.

ముందు వీధిలో పాడె కడుతున్నారు. అన్నయ్యని పెరట్లో కుళాయి దగ్గరికి లాక్కెళ్ళాను. "ఫోను చెయ్యలేదు కదూ?"

కుళాయి తిప్పి మొహం కడుక్కున్నాడు. తరువాత తలెత్తినప్పుడు మొహంలో సిగ్గు లేదు. "చెయ్యలేదు. అత్త సోంపేటలో రైలెక్కీసింది. దానికి తమ్ముడి ఆఖరి చూపు దక్కాలా వద్దా? కళ్ళు పీకీసిన మొహం చూపించమంటావా?"

"పీకరు. పొర తీస్తారు. మొహం మారదు. నీ ఎదటే కదా అడిగాడు నాన్న!"

"అదంతా నాకు తెల్దు. నువ్వు పని చేసినోళ్ళే శవాన్ని ముట్టనివ్వరని నువ్వే చెప్పినావు. పక్కనుండి కాపలా కాత్తారని నువ్వే చెప్పినావు. అంత సదువుకున్నోళ్ళే అలాగ కాత్తే, మా నాన్నని నాను కాసుకోకూడదా?"

నేను చెప్పినదాంట్లో మొదటి సగం తీసుకుని దాచుకున్నాడు. ఆ రబ్బీ, ఆ తగువులు, గోడకి ఆనుకుని ప్రార్థన చదివిన ఆ కొడుకు, అవేవీ ఇతని చెవిలోకి పోలేదు. నిజానికి ఆ పెద్దకొడుక్కి ఉన్నంత అభ్యంతరం ఇతనికీ ఉండొచ్చు. ఉండనీ. దాన్ని నేను తప్పుపట్టను. ఒళ్ళంతా చెక్కుచెదరకుండా మట్టికి చేర్చాలనుకునే వాళ్ళు కూడా తల్లి అడిగిందని ఇచ్చారు. రాత్రికి గుప్పెడు బూడిద చెయ్యబోతూ మేము కాపలా కాశాం!

"ఇష్టం లేకపోతే నాన్న అడిగినప్పుడే చెప్పాల్సింది" అన్నాను.

"నాన్నతో మాటాడి ఎవడన్నా నెగ్గినాడా? పుట్టినకాడ్నుంచీ నా మాట ఒక్కటన్నా నెగ్గిందా ఈ ఇంట్లో?"

"అందుకని ఆయన నోరు పడిపోయేదాకా ఆగి నెగ్గావు."

అన్నయ్య చెయ్యి లేచింది. కొట్టలేదు. ముక్కు చీదుకుని ముందు వీధిలోకి వెళ్ళిపోయాడు. అత్త రైలు దిగి వచ్చి, నాన్న మొహం చూసి, ఏడ్చి, కాఫీ తాగింది. అన్నయ్య సువర్ణరేఖ నది ఒడ్డుకి కుండ పట్టుకుని ముందు నడిచాడు. నమ్మించి గొంతు కోయడమంటే ఏమిటో నాకు అప్పటిదాకా మాటగానే తెలుసు.

సంగతి మావయ్యకి నేనే చెప్పాను. ఆయన పెద్దదినం భోజనానికి రాలేదు. పిలవడానికి వెళ్ళిన అన్నయ్యని గుమ్మంలోనే నిలబెట్టి, ఒంట్లో బాగాలేదని చెప్పాడట. అదేరోజు సాయంత్రం ఆయన సాక్చి బజారులో కూరలు కొంటుంటే మా వాళ్ళు చూశారు. నాకు కొంచెం కడుపు చల్లబడింది. అబద్ధం ఆయన కూడా ఆడగలడు.

చుట్టాలు వెళ్ళిపోయారు. అమ్మ మధ్యగదిలో చాప మీద పడుకుని ఉంది. నేను ఆరేసిన చీరలు మడతపెడుతున్నాను. అన్నయ్యని అన్ని రోజులుగా నేను తిడుతున్నా అమ్మ ఒక్కసారి కూడా అవునని అనలేదు. ఆ సంగతి మడతల మధ్య ఉన్నట్టుండి తట్టింది.

"అమ్మా, నీకు ముందే తెలుసా?"

అమ్మ దాచలేదు. "తెలుసు. నువ్వు మంచంకాడ ఏడుస్తన్నప్పుడే ఫోను చెయ్యమంటావా అని నన్నడిగినాడు. వద్దన్నాను."

"ఎందుకు?"

అటు తిరిగి పడుకునే చెప్పింది. "నన్ను చూసిన కళ్ళే. పెళ్ళైనకాడ్నుంచీ నన్నే చూసినాయి. ఆ కళ్ళు ఇంకెవుల ఇంట్లోనో, ఇంకెవుల్నో చూత్తాయనుకుంటే నా మనసు ఒప్పలేదు. చూసేది మీ నాన్న కాదు, వేరేవోళ్ళు చూత్తారు అని నువ్వంటావు. నాకూ తెలుసు. అయినా ఒప్పలేదు."

నాకు అర్థమైంది. అర్థమైనందుకు ఇంకా ఒళ్ళు మండింది. ఈ మాట నాన్నతో అని ఉంటే ఆయన ఎంత వాదించి ఉండేవాడో, ఎంత నవ్వి ఉండేవాడో. బహుశా ఓడిపోయి ఉండేవాడు కూడా. ఆయనకి దక్కాల్సిన ఒక్క మంచి వాదన ఈ మనిషి బియ్యం ఏరుకుంటూ దాచేసింది.

"సరే. నీ ఇష్టం నీది. మరి నాకెందుకు చెప్పలేదు? ఫ్యాన్ ఆపుకుని, చెమటలో, అందరి చేతా మాటలు పడుతూ పత్తి తడుపుతున్నాను కదమ్మా. ఎవరూ రారని తెలిసీ నువ్వే నీళ్ళు పోసి తెచ్చావు. ఎడం కన్ను ఆరిపోతోందని నువ్వే చూపించావు. ఎందుకమ్మా?"

అమ్మ నా వైపు తిరిగింది. నేను అడిగింది ఏమంత పెద్ద ప్రశ్న కానట్టు చూసింది.

"నువ్వు అలాగ గుండెలు బాదుకుంటన్నావు. ఆ పత్తి చేతికొచ్చినాక ఏడుపు ఆపీసినావు. ఏదో ఒక పనుంటే కుదురుగా కూకుంటావని ఊరుకున్నాను."

చీర నా చేతిలో ఉండిపోయింది. ఆ రోజు అన్ని గంటలూ ఆ గదిలో నాన్న మాట నిలబడుతోందని నమ్మింది నేనొక్కదాన్నే. మా అమ్మా అన్నయ్యా నన్ను ఆడిస్తూ కూర్చున్నారు.